ఓడినవాని ధర్మము

గెలుపును ఒప్పుకొనుమని లోకములో ఎవరినీ ఎవరూ బ్రతిమాలరు. ఓటమిని ఒప్పుకొనుమని మాత్రము ఓడినవాని ఇంటికి పెద్దలు నడచి వత్తురు. ఆ రాకలో స్నేహమున్నది, లోకజ్ఞానమున్నది, ఒకింత బెదిరింపును ఉండవచ్చును. కావున ఎవరు వచ్చిరి, ఏమి కోరిరి, కోరినది ఇచ్చుట ధర్మమా కాదా అను విచారణ శరణ మార్గమున నడచువారికి తప్పనిది.

ఒక సమాజ సంఘమునకు ఎన్నికలు జరిగినవని ఊహించుకొనవచ్చును. అధ్యక్ష పదవికి ఇద్దరు నిలిచిరి. నాలుగు ఓట్ల తేడాతో ఒకరు ఓడిరి. సభ్యుల జాబితాలో లింగైక్యమైనవారి పేర్లు ఇంకను ఉన్నవనియు, చందా చెల్లింపని కొందరు ఓటు వేసిరనియు ఓడినవారి మాట. ఆ సాయంకాలమే నలుగురు పెద్దలు వచ్చి, "అయ్యా, అయినదేదో అయినది. మఠము పేరు, సమాజము పరువు వీథిన పడగూడదు. ఈ కాగితముపై ఒక్క సంతకము చేయుడు" అందురు. వచ్చినవారు దుష్టులు కారు. వసతి గృహములో పిల్లల భోజనము ఆగిపోవునేమోయనియు, జాతర పనులు నిలిచిపోవునేమోయనియు వారి దిగులు. ఓడినవాడును పదవీ వ్యామోహి కాడు. ఆ కాగితముపై "ఎన్నిక సక్రమముగా జరిగినది" అని వ్రాసియున్నది. అది నిజమని అతని మనస్సు ఒప్పుటలేదు.

ఇక్కడ బసవేశ్వరుని బోధలోని రెండు గుణములు ఎదురెదురుగా నిలుచుచున్నవి. ఒకటి కింకర భావము. పదవి నాది, పీఠము నాది అను పట్టుదల శరణునకు తగదు. రెండవది సత్య వాక్కు. లోపల ఒకటి ఉంచుకొని బయట మరియొకటి పలుకుట శరణునకు అంతకంటెను తగదు. సంతకము చేసినచో వినయము నిలుచును గాని సత్యము చెడును. చేయనిచో సత్యము నిలుచును గాని అహంకారమను నింద వచ్చును. ఈ చిక్కు ఒక చిన్న సంఘమునకే కాక రాష్ట్రములకును దేశములకును వచ్చినది. గౌలిగూడ చుట్టుపట్లనే ఇందుకు సాక్ష్యము లున్నవి.

చట్టము చెప్పునది

ముందుగా ఒక భ్రమను తొలగించుకొనవలెను. భారతదేశ ఎన్నికల చట్టములో ఓడినవాని ఒప్పుకోలునకు స్థానమే లేదు. ఎన్నికల అధికారి లెక్కించును, ఫలితము ప్రకటించును, గెలిచినవానికి ధ్రువపత్రము నిచ్చును. ఓడినవాడు చేయి కలిపినను, మోము త్రిప్పుకొనినను ఆ ఫలితము మారదు. తిరిగి లెక్కింపుమని అక్కడికక్కడే కోరుటకు అతనికి అవకాశమున్నది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము ఫలితము వెలువడిన 45 దినములలోగా ఉన్నత న్యాయస్థానములో ఎన్నికల పిటీషను వేయుటకును హక్కున్నది. దానిని 6 నెలలలో ముగించుటకు ప్రయత్నింపవలెనని ఆ చట్టమే న్యాయస్థానమును కోరుచున్నది.

దీని వలన రెండు సంగతులు తేలుచున్నవి. ఓడినవాడు ఒప్పుకొననిచో రాజ్యము ఆగిపోదు. కావున "నీవలన అంతయు నిలిచిపోయినది" అను మాట తరచుగా నిజము కాదు. రెండవది, సందేహమున్నవాడు న్యాయస్థానము మెట్లెక్కుట కలహము కాదు. అది చట్టము వేసిన త్రోవ. ఆ 45 దినములను వాడుకొన్నవానిని కలహప్రియుడనుట, బావి త్రవ్వించి నీరు తోడుకొన్నవానిని దొంగ యనుట వంటిది.

మరి ఒప్పుకోలు ఎందులకు? అది చట్టమునకు కాదు, జనుల మనశ్శాంతికి. ఓడినవాని వెనుక నిలిచినవారి చేతులలోని రాళ్లు క్రింద పడవలెనన్నచో అతడే నోరు విప్పవలెను. ఆ మాటకు విలువ గలదు గనుకనే దానిని కొందరు బలవంతముగా రాబట్టజూతురు. బలవంతముగా రాబట్టినంతనే ఆ విలువ నశించును.

1969: ఇద్దరు తెలుగువారు

1969 మే 3వ తేదీన రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పరమపదించెను. ఉపరాష్ట్రపతి వి.వి. గిరి తన పదవికి రాజీనామా చేసి స్వతంత్రుడుగా నిలిచెను. లోక్‌సభ స్పీకరుగానున్న నీలం సంజీవరెడ్డి ఆ పదవిని విడిచి కాంగ్రెసు అభ్యర్థిగా నిలిచెను. ఇద్దరును తెలుగువారే. అయితే ప్రధానమంత్రి ఇందిరాగాంధి తన పక్షపు సభ్యులు అంతరాత్మ ప్రబోధానుసారము ఓటు వేయవచ్చునని చెప్పుటతో ఆ ఎన్నిక సొంత ఇంటిలోని పోరుగా మారెను. ఆగస్టు 16వ తేదీన ఓటింగు, 20వ తేదీన లెక్కింపు జరిగినవి. మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769 విలువ వచ్చినది. ఎవరికిని కావలసిన 4,18,169 రాలేదు. రెండవ ప్రాధాన్య ఓట్లు కలిపిన పిమ్మట గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427 వద్ద నిలిచిరి. తేడా 14,650 మాత్రమే.

ఈ ఎన్నిక పైన వివాదము రేగెను. సంజీవరెడ్డి శీలమును దూషించుచు, పేరు లేని ఒక కరపత్రము పార్లమెంటు సభ్యులలో పంచబడెననుట ప్రధానమైన ఆరోపణ. సుప్రీంకోర్టులో పిటీషనులు పడినవి. వేసినవారు ఇతరులు, సంజీవరెడ్డి కాదు. పదవిలోనున్న రాష్ట్రపతి గిరి స్వయముగా న్యాయస్థానమునకు వచ్చి సాక్ష్యమిచ్చెను. రాష్ట్రపతిననియు, రాననియు చెప్పి కూర్చుండలేదు. 1970లో న్యాయస్థానము ఆ పిటీషనులను కొట్టివేసెను.

ఇందులో గమనింపవలసినది ఇద్దరి నడవడి. గెలిచినవాడు ప్రశ్నకు జవాబు చెప్పుటకు న్యాయస్థానము గడప త్రొక్కెను. గెలుపునకు గౌరవము అట్టి జవాబు వలననే వచ్చును. ఓడినవాడు, తన శీలముపై బురద చల్లబడినను, తేడా స్వల్పమైనను, ఆ లెక్కను పట్టుకొని వ్రేలాడలేదు. 1971లో లోక్‌సభకు నిలిచి మరల ఓడెను. అనంతపురము జిల్లాలోని తన ఊరికి చేరి వ్యవసాయము చేసికొనెను. పదవి పోయినపుడు చేతికి పని దొరకనివాడు ఓటమిని ఒప్పుకొనుట కష్టము. కాయకమున్నవానికి అది సులభము. బసవేశ్వరుడు కాయకమునకు అంత ప్రాధాన్య మిచ్చుటలో ఈ లాభమును ఒకటి గలదు. మనుష్యుని విలువ అతని పీఠములో లేదు, పనిలో నున్నదని తెలిసినవానిని పీఠము దిగుమనుట పెద్ద శిక్ష కాదు.

1977లో ఆయన నంద్యాల నుండి గెలిచెను. ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానములలో జనతా పక్షమునకు దక్కినది ఆ ఒక్కటే. ఆ సంవత్సరమే ఏకగ్రీవముగా లోక్‌సభ స్పీకరయ్యెను, జులైలో పోటీ లేకుండ రాష్ట్రపతి అయ్యెను. ఓర్పునకు ఫలము దొరకునని చెప్పుటకు ఇది ఉదాహరణము కాదు. ఫలము దొరకని ఓర్పులు లోకములో ఎక్కువ. ఆ ఎనిమిదేండ్లు ఆయనకు ఏ ఫలమును దక్కదని తోచిన దినములలోను ఆ నడవడి అంతే సరియైనది.

సంజీవరెడ్డి జీవితములోనే దీనికి మరియొక ప్రక్క గలదు. గౌలిగూడ బస్సు స్టేషను పేరు ఎరుగని తెలుగువాడు అరుదు. 2018 జులైలో కూలిపోయిన ఆ ఉక్కు కమానుల షెడ్డు క్రిందినుండి దశాబ్దముల పాటు ఊళ్లకు బస్సులు బయలుదేరినవి. ఆ బస్సుల వ్యవహారమే ఆయన ముఖ్యమంత్రి పదవిని తీసికొన్నది. కర్నూలు జిల్లాలో బస్సు మార్గముల జాతీయీకరణములో దురుద్దేశమున్నదని ప్రత్యర్థులు ఆరోపింపగా, ఆయన ప్రమాణపత్రము దాఖలు చేసి ఖండింపనందున ఆ ఆరోపణ ఖండింపబడనిదిగానే మిగిలెనని సుప్రీంకోర్టు భావించెను. 1964 ఫిబ్రవరిలో ఆయన రాజీనామా చేసెను. మాటలాడవలసిన చోట మౌనము ఎంత నష్టము చేయునో అది చెప్పినది. తీర్పు వచ్చిన పిమ్మట పదవిని పట్టుకొనకుండుట ఎంత మర్యాదయో అదియు చెప్పినది. మౌనమును వినయముగా భ్రమింపరాదు. చెప్పవలసినది చెప్పవలసిన చోట చెప్పి, తీర్పు పిమ్మట తల వంచుటయే వినయము.

1984: లెక్కింపకయే ఓడెననుట

గౌలిగూడనుండి ఆబిడ్సు, నాంపల్లి నడక దూరము. 1984 ఆగస్టులో రాష్ట్రపు చూపంతయు ఆ పేటలపైననే నిలిచినది. ఎన్.టి. రామారావు అమెరికాలో గుండెకు శస్త్రచికిత్స చేయించుకొని తిరిగి వచ్చిన దినములవి. నివాసము ఆబిడ్సులో. ఆగస్టు 16వ తేదీన, సభలో ఆయనకు బలము లేదని గవర్నరు రాంలాల్ నిశ్చయించి, ఆయన ప్రభుత్వమును తొలగించి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణ స్వీకారము చేయించెను. బలము సభలో నిరూపించుకొనుటకు అవకాశమిండని రామారావు కోరెను. అది దొరకలేదు. క్రొత్తగా వచ్చినవారికి మాత్రము ఒక నెల గడువు దొరికెను.

ఇక్కడ ఓటమి లేదు, లెక్కింపును లేదు. లెక్కింపక ముందే ఓటమి నొప్పుకొనుమను ఒత్తిడి మాత్రమున్నది. రామారావు ఒప్పుకొనలేదు. 160 మందికి పైగా శాసనసభ్యులతో ఢిల్లీకి పోయి, చక్రముల కుర్చీలో కూర్చుండి, రాష్ట్రపతి జైల్ సింగ్ ఎదుట వారిని నిలిపెను. లెక్క తీయుడని అడుగుటకు అంతకంటె శాంతమైన మార్గము లేదు. గవర్నరు మారెను, శంకర్ దయాళ్ శర్మ వచ్చెను. ఆ సెప్టెంబరులో నగరములో మతకలహములు రేగినవి, కర్ఫ్యూలు పడినవి. సెప్టెంబరు 16వ తేదీన రామారావు మరల ముఖ్యమంత్రి అయ్యెను. నాలుగు దినములకు నాంపల్లిలోని శాసనసభా భవనములో విశ్వాస తీర్మానము నెగ్గినది. ఏ లెక్క మొదటనే తీయవలసి యుండెనో ఆ లెక్క ముప్పదియైదు దినముల పిమ్మట తీసిరి.

"శాంతి కొరకు ఒప్పుకొనుడు" అను వాదమునకు ఇది గట్టి పరీక్ష. ఆనాడు నగరము నిజముగానే కలత పడినది. అయినను లెక్క అడుగుట వలన కలత వచ్చెనా, లెక్క తీయకుండుట వలన వచ్చెనా అని అడుగవలెను. గాయమును కట్టుటకు వచ్చిన వైద్యునిపై గాయము చేసిన నింద మోపరాదు. తక్కెడ నిలబెట్టిన పిమ్మట తూకము తక్కువయిన వాడు గొణగినచో తప్పు. తక్కెడనే దాచి "నీది తక్కువ" అన్నచో గొణుగుట కాదు, గొంతెత్తుటయే న్యాయము.

ఇదే రామారావునకు 1995 ఆగస్టులో మరియొక పరీక్ష వచ్చెను. ఈ మారు పక్షపు శాసనసభ్యులలో అత్యధికులు చంద్రబాబు నాయుడి వైపు చేరిరి. సెప్టెంబరు 1వ తేదీన క్రొత్త ప్రభుత్వము ఏర్పడెను. 1996 జనవరి 18వ తేదీన కన్నుమూయువరకును రామారావు దానిని ద్రోహమనియే అనెను. ద్రోహమా కాదా అనుటలో నేటికిని ఏకాభిప్రాయము లేదు. అయితే రెండు ప్రశ్నలు వేరువేరని ఈ సంఘటన చెప్పుచున్నది. ఎందరు ఎవరి వైపున్నారనుట లెక్క ప్రశ్న. వారు అట్లు చేరుట న్యాయమా అనుట నీతి ప్రశ్న. మొదటి దానిలో ఓడినవాడు రెండవ దానిలో ఓడినట్లు కాదు. మొదటి దానిని ఒప్పుకొన్నంతనే రెండవ దానిని వదలుకొన్నట్లును కాదు.

లోకములో మరికొన్ని

1971లో రాయబరేలిలో రాజ్ నారాయణ్ 1,11,810 ఓట్ల తేడాతో ఇందిరాగాంధి చేతిలో ఓడెను. అంత తేడా ఉన్నపుడు ఊరుకొనుమని ఎవరైనను అందురు. ఆయన ఊరుకొనలేదు. 1975 జూన్ 12వ తేదీన అలహాబాదు ఉన్నత న్యాయస్థానము, ప్రభుత్వోద్యోగుల సేవలు ఎన్నికలలో వాడబడెనని నిర్ణయించి ఆ ఎన్నికను రద్దు చేసెను. తరువాత చట్టము మార్చబడి, నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఎన్నికను నిలిపినది. ఏది ఎట్లైనను ఆయన ప్రశ్న వట్టిది కాదు. అయితే ఆ 1971 ఎన్నికలలోనే ఓటు పత్రములకు రసాయనము పూయబడెనని కొందరు ఓడినవారు చేసిన ఆరోపణ నిలువలేదు. ఓడినవాని బాధ నిజమైనంత మాత్రమున అతని అనుమానమెల్ల నిజము కాదు. నాలుగేండ్లకు గాని తీర్పు రాకుండుట మరియొక దోషము. న్యాయము ఆలస్యమైనపుడే పెద్దల ఒత్తిడికి బలము హెచ్చును.

అమెరికాలో 2000 సంవత్సరమున ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడా అధ్యక్ష పదవిని నిర్ణయించెను. అల్ గోర్ ఎన్నిక రాత్రియే ఫోనులో ఓటమిని ఒప్పుకొని, తేడా తగ్గుచున్నదని తెలిసి ఆ మాటను వెనుకకు తీసికొనెను. కొందరు నవ్విరి. లెక్క ముగియకుండ ఇచ్చిన మాట తొందరపాటు గాని ధర్మము కాదని ఆయన గ్రహించెను. డిసెంబరు 12వ తేదీన అక్కడి సుప్రీంకోర్టు తీర్పు వచ్చెను. మరునాడే, తీర్పుతో తనకు ఏకీభావము లేదనియు, అయినను దానిని అంగీకరించుచున్నాననియు ప్రకటించెను. లెక్కను ఒప్పుకొని నీతిని దాచుకొనుటకు ఇది మంచి నమూనా.

2020లో డొనాల్డ్ ట్రంప్ నడిచిన త్రోవ దీనికి వ్యతిరేకము. న్యాయస్థానములకు పోవుట ఆయన హక్కే. అక్కడ అభియోగములు దాదాపు అన్నియు వీగిపోయిన పిమ్మటను ఆయన నిలువలేదు. జార్జియా ఎన్నికల అధికారికి ఫోను చేసి 11,780 ఓట్లు కనుగొనుమని అడిగెను. 2021 జనవరి 6వ తేదీన జనులు పార్లమెంటు భవనములో చొరబడిరి. ఓడినవానిపై ఒత్తిడి తప్పైనచో, లెక్కించువానిపై ఓడినవాడు తెచ్చు ఒత్తిడి అంతకంటె తప్పు. ఆయన 2024లో మరల గెలిచెను. ఆ గెలుపు 2020 నాటి లెక్కను మార్చలేదు.

కల్యాణమున జరిగినది

పండ్రెండవ శతాబ్దమున కల్యాణ పట్టణములో బసవేశ్వరుడు బిజ్జలుని భండారి. అనుభవ మంటపములో అల్లమప్రభువు శూన్య సింహాసనమునుండి ప్రశ్నలు వేయుచుండెను. అక్కమహాదేవి వచ్చినపుడు ఆమెను ప్రశ్నింపకయే లోనికి రానీయలేదు, జవాబు వినకయే బయటికి పంపనులేదు. సందేహమును అణచుట ఆ సభ పద్ధతి కాదు. దానిని బయట పెట్టించి, జవాబు రాబట్టి, ఆ పిమ్మటనే ఏకమగుట దాని పద్ధతి. ప్రశ్న లేని ఐక్యమును శరణులు ఐక్యమనలేదు.

శరణ సంప్రదాయము చెప్పునట్లు, హరళయ్య కుమారునకును మధువరసుని కుమార్తెకును వివాహము జరిగెను. చెప్పులు కుట్టు కాయకమువాడు ఒకరు, బ్రాహ్మణ కులమున పుట్టినవాడు మరియొకరు. లింగధారులైన పిమ్మట కులమెక్కడిదని శరణులు. వర్ణసంకరమని ఎదుటివారు. బసవేశ్వరునిపై వచ్చిన ఒత్తిడి చిన్నది కాదు. రాజు, కొలువు, పెద్దలు, ఆచారము అన్నియు ఒక వైపు. ఆ వివాహము తప్పని ఒక్క మాట అన్నచో భండారి పదవి నిలుచును, పట్టణము శాంతించును. ఆయన ఆ మాట అనలేదు. హరళయ్యకును మధువరసునకును మరణ దండన పడెను. బసవేశ్వరుడు అధికారమును విడిచి కూడలసంగమమునకు పోయెను. తరువాత బిజ్జలుడు హతుడయ్యెను, శరణులు చెల్లాచెదరైరి. కత్తి పట్టినవారి త్రోవ వేరు, బసవేశ్వరుని త్రోవ వేరు.

ఇందులో ఆయన ఏది ఒప్పుకొనెను, ఏది ఒప్పుకొనలేదు? అధికారము తనది కాదని ఒప్పుకొనెను. చేసినది తప్పని ఒప్పుకొనలేదు. ముద్ర ఉంగరమును ఇచ్చివేసెను, మాటను ఇవ్వలేదు. కింకర భావమునకును సత్య వాక్కునకును మొదట కనబడిన విరోధము ఇక్కడ తీరిపోవుచున్నది. వినయము పదవి విషయమున చూపవలసినది. సత్యము విషయమున చూపు వినయమునకు పిరికితనమని పేరు. పదవి విషయమున చూపు పట్టుదలకు సత్యమని పేరు పెట్టుటయు అంతే అబద్ధము.

ముగింపు

మరల ఆ సంఘపు ఓడిన అభ్యర్థి వాకిటికి వచ్చినచో, ఆయన మొదట తన్ను తానే ప్రశ్నించుకొనవలెను. చేతిలోని ఇష్టలింగమును చూచుచు, "నాలుగు ఓట్లతో గెలిచినది నేనే యైనచో ఈ జాబితా లోపమును బయట పెట్టియుందునా?" అని అడుగుకొనవలెను. లేదు అని లోపలినుండి జవాబు వచ్చినచో ఆ బాధ జాబితాను గూర్చినది కాదు, పీఠమును గూర్చినది. అప్పుడు సంతకము చేయుటయే మేలు. అవును అని వచ్చినచో, ఆ ప్రశ్నను దాచుకొనుట సమాజమునకు ద్రోహము. ఎందుకనగా అదే జాబితా రాబోవు ఎన్నికకును వాడుదురు.

పిమ్మట పెద్దలతో ఇట్లు అనవచ్చును: "అయ్యా, వసతి గృహము తాళములు, లెక్క పుస్తకములు ఇప్పుడే గెలిచినవారికి ఇచ్చెదను. పని ఆగదు. ఎన్నిక సక్రమమని మాత్రము వ్రాయను. ఉభయులకు సమ్మతులైన ఒకరిని బయటినుండి పిలిచి, పదిహేను దినములలో జాబితా చూపింపుడు. వారు చెప్పినది శిరసావహింతును." ఈ మాటలో పదవి లేదు, పంతము లేదు. లెక్క మాత్రమున్నది. దీనిని విన్న పిమ్మటను కాగితమునే ముందుకు త్రోయువారు శాంతి కొరకు వచ్చినవారు కారు.

పెద్దలకును ఒక ధర్మమున్నది. ఓడినవాని ఇంటికి పోవుటకు ముందు గెలిచినవాని ఇంటికి పోవలెను. "ఈ ప్రశ్నకు జవాబు చెప్పుదురా?" అని అతనిని అడుగవలెను. రాష్ట్రపతియే సాక్షిగా నిలిచినపుడు సంఘాధ్యక్షునకు సిగ్గేల? గెలిచినవానిని ఏమియు అడుగక ఓడినవానినే సర్దుకొనుమనుట సగము తీర్పు ముందే చెప్పుట.

ఇక తీర్పు వచ్చిన పిమ్మట, అది ఎట్లు వచ్చినను, ఓడినవాడు మరునాటి ఉదయమే మఠమునకు రావలెను. దాసోహపు పంక్తిలో గెలిచినవానికి తన చేతితో వడ్డింపవలెను. ఎవరును బలవంతము చేయకుండ చేయు ఆ పనికే ఒప్పుకోలు అని పేరు. కాగితముపై తీసికొన్న సంతకమునకు ఆ పేరు చెల్లదు.

శరణు శరణార్థి.